మేకతల సన్నాయి

“ఆ సంచి తోలు పందిదేమో, అడిగినావా రా?”

టిఫిన్ డబ్బా మూత నొక్కుతూ అడిగాను. అర్షద్ గుమ్మం దగ్గర కూర్చుని బూట్లు వేసుకుంటున్నాడు.

“మేకతోలు మా. దాని కొసకు మేకతల కూడా ఉండాది, కొయ్యతో చెక్కింది. చూస్తే నీకే తెలుస్తాది.”

“తల మేకది పెట్టి తోలు ఇంకోదానిది వేసిండొచ్చు కదా. వాళ్ళు పందిని తినేవాళ్ళు.”

“సరే, అడుగుతాలే.”

“అడిగేదాకా దానికి నోరు పెట్టొద్దు.”

వాడు నవ్వి లిఫ్టు వైపు వెళ్ళిపోయాడు. వాడు నవ్వితే నాకు ఇంకా భయం. చిన్నప్పుడు జ్వరం దాచేటప్పుడు కూడా ఇట్లాగే నవ్వేవాడు.

వాడు ఏసీలు బాగుచేస్తాడు. దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్ వైపు ఒక ఇంట్లో పని పడింది. అక్కడ పోలండు దేశపు ముసలాయన ఒకడు తోలుసంచి వాయిద్యం చంకలో పెట్టుకుని ఊదుతున్నాడట. వీడు నిచ్చెన మీదే నిలబడిపోయాడట. పని అయిపోయినా కదలకపోతే ఆ ముసలాయన, ఇంకోరోజు ఊరికే రా, వినడానికి రా, అన్నాడట. ఊరికే ఎవరన్నా పిలుస్తారా ఈ దేశంలో? ఏ పొట్లం చేతిలో పెట్టి పంపిస్తాడో, ఎవరికన్నా ఇచ్చి రమ్మంటాడో, లోపల ఏముంటుందో. అదంతా చెప్పాను. తోలు మాట మాత్రమే వాడు విన్నాడు.

మేము జమ్మలమడుగు పక్క పల్లె వాళ్ళం, దూదేకులోళ్ళం. మా ఇంట్లో మగవాళ్ళ పని సన్నాయి. మా మామ మీరా హుస్సేన్ తేరు ముందు వాయించినా, పీర్ల ముందు వాయించినా, పక్క ఊళ్ళ నుంచి బండ్లు కట్టుకుని వచ్చేవాళ్ళని చెప్పుకుంటారు. నా పెళ్ళినాటికే ఆయన ముసలివాడు. మా ఆయన ఖాదర్ హుస్సేన్ వాయిద్యం మాత్రం నేను కడుపునిండా విన్నాను. బ్యాండు మేళాలు వచ్చి పిలుపులు తగ్గాక ఆయన దుబాయ్ వచ్చాడు. సన్నాయి కూడా తెచ్చుకున్నాడు. ఆయన వెనక కొడుకు, కొడుకు వెనక నేను. ఇంటర్నేషనల్ సిటీలో ఒక గది, వంటిల్లు. నేను కుట్టుమిషను పెట్టుకుని ప్యాంట్లు బిగించడం, చీర అంచులు కుట్టడం చేస్తుంటాను.

కరోనా మా ఆయన ఊపిరితిత్తులను తినేసింది. ప్రాణం మిగిలింది, దమ్ము మిగల్లేదు. గోడౌనులో బరువులెత్తే పని పోయి, అల్ వర్సాన్‌లో అదే కంపెనీ గేటు దగ్గర వాచ్‌మన్ పని మిగిలింది. సన్నాయి బీరువా పైన గుడ్డ చుట్టి ఉంది. దుమ్ము దులపడానికి కూడా ఆయన నన్ను ముట్టనివ్వడు.

ఇప్పుడు చెప్పండి. అట్లాంటి ఇంటి పిల్లోడు, సెలవు దొరికితే బస్సెక్కి వేరే ముసలాయన దగ్గరికి ఊదడం నేర్చుకోవడానికి పోతే, కడుపు మండదా?

మొదట వినడానికి అన్నాడు. తర్వాత పట్టుకోవడానికి అన్నాడు. తర్వాత ఏమీ చెప్పకుండానే పోయేవాడు. తోలు మేకదేనని ఖాయం చేసుకుని వచ్చాడు, ఇక ఆ సాకు కూడా నాకు లేకుండా పోయింది.

రాను రాను మా ఇంట్లో అన్నం ముందు ఆ ముసలాయన బతుకే కూర అయింది. పేరు యెండ్రెక్ అంట. పుట్టింది తాత్రా కొండల్లో అంట. ఎండాకాలం రాగానే గొర్రెలను కొండపైకి తోలుకుపోయి, చలి మొదలయ్యేదాకా కిందికి దిగరంట. వాళ్ళ నాయన గొర్రెల కాపరులకు పెద్ద. సాయంత్రం పాలు పితికి, జున్నును పొగకు వేలాడదీసి, అప్పుడు సంచి ఊదేవాడంట. ఎదుటి కొండ మీద ఇంకొకడు జవాబు ఊదేవాడంట. మంచు పడే రోజుల్లో పొయ్యి దగ్గర కూర్చుని ఆ నాయనే ఈ మేకతల చెక్కాడంట.

“ఆ తోలు ఊరికే వచ్చిన మేకది కాదు మా. వాళ్ళు ముద్దుగా పెంచుకున్న మేకది. దానికి బతికున్నప్పుడు ఒక పేరు కూడా ఉండిందంట.”

“మంచిది. మీ జేజినాయన ఏ ఊరి తేరు ముందర వాయించినాడో చెప్పు చూద్దాం.”

వాడు నీళ్ళు తాగాడు.

“చెప్పు రా. మేక పేరు దాకా తెలుసుకున్నోడివి.”

“నువ్వు ప్రతిదానికీ అట్లే అంటావు మా.”

మా ఆయన పప్పులో ముద్ద కలుపుకుంటూనే ఉన్నాడు.

ఆ యెండ్రెక్ పెళ్ళికూతుళ్ళ ముందు నడిచి వాయించాడంట, శవాల ముందు నడిచి వాయించాడంట. మధ్యలో కలప కోసే మిల్లులో పనిచేశాడు. ఊళ్ళో ఈడువాళ్ళంతా అమెరికా పోతే, సంచికి అక్కడి గాలి పడదని తను పోలేదంట. చివరికి భార్య చనిపోయింది. కొడుకు నార్వేలో లారీ నడుపుతాడు, సంచిని ముట్టుకోడు. కూతురు ఇక్కడ ఒక ఆస్పత్రిలో పనిచేస్తూ, లాక్‌డౌన్లు తీసేశాక తండ్రిని తెచ్చుకుంది. ఇక్కడ ఏసీ గాలికి తోలు ఎండిపోతోందని, వాయిస్తే పక్కింటివాళ్ళు సెక్యూరిటీకి ఫోన్ చేస్తున్నారని ఆయన బాధ. ఇవన్నీ నాకెందుకు తెలియాలి? తెలిశాయి. మా ఆయనకు రోజూ ఏ మాత్ర వేసుకుంటే కళ్ళు తిరుగుతున్నాయో నా కొడుక్కి తెలుసో లేదో గానీ, ఆ ముసలాయన మేక పేరు నాకు తెలుసు.

“వాళ్ళ పాటలకు పేర్లు మనుషుల పేర్లేనంట మా. ఏది ఎవరికి ఇష్టమైతే అది వాళ్ళ పేరు మీద ఉండిపోతాది. మా ఉస్తాద్ అంటాడూ...”

“ఎవరు?”

“ఉస్తాద్. అట్లే పిలుస్తాండా.”

నేను చెయ్యి కడుక్కుని లేచిపోయాను. కన్నతండ్రి అన్ని దినాలు నేర్పినప్పుడు వాడి నోటి నుంచి ఆ మాట రాలేదు. తర్వాత వాడిని వంటింట్లోకి పిలిచి, నాయన ముందర ఆ మాట అనొద్దని చెప్పాను. అట్లాగేనన్నాడు. కానీ ఒకసారి అన్న మాట అప్పటికే ఆయన చెవిన పడింది కదా.

కింది అంతస్తు మున్నీబీది నెల్లూరు. నా దగ్గర జాకెట్లు కుట్టించుకుంటుంది, మాటలు మాత్రం ఊరికే ఇస్తుంది.

“ఏందక్కా, మీ వాడు గొర్రెల కాపరి దగ్గర చేరినాడంటనే. గొర్రెలు కాసేందుకు సౌదీకి పోతారని విన్నా గానీ, దుబాయ్‌లోనే దొరికినాడా మీకు.”

“నవ్వు, నవ్వు. నీ కొడుకు ఇట్ల చేస్తే తెలుస్తాది.”

“నా కొడుకు ఏది నేర్చుకున్నా నేను పకీర్లకు అన్నం పెడతా. ఫోను వదిలితే చాలు. పోనీ, పోయి చూద్దాం పద. చూడకుండా ఎన్నాళ్ళు ఏడుస్తావు.”

ఒక సెలవు సాయంత్రం షేరింగ్ కారులో ఇద్దరం పోయాం. ఫ్యాక్టరీల కంచె దాటాక ఇసుక మైదానం, ఇంట్లో వాయించనివ్వరని వాళ్ళు వాయించుకునే చోటు. బస్సులు కార్మికులను దించుతున్నాయి. అక్కడ పొడుగ్గా, సన్నగా, తెల్లమీసాలతో ముసలాయన నిలబడి ఉన్నాడు. చంకలో తెల్లటి సంచి. సంచి ముందు మేకతల నన్నే చూస్తున్నట్టుంది. దాని మెడ నుంచి సన్నాయి మాదిరి గొట్టం. పక్కన నా కొడుకు, చేతులు వెనక్కి కట్టుకుని. నా ముందు ఎప్పుడన్నా అట్లా నిలబడ్డాడా?

సంచి మొదట తప్పిపోయిన మేకపిల్ల మాదిరి ఏడ్చింది. తర్వాత కింద ఒక స్వరం కదలకుండా నిలబడింది. మా ఊళ్ళో సన్నాయి పక్కన శ్రుతి పట్టేవాడు పట్టేది అదే. ఆ స్వరం మీద పాట నడిచింది. బాగుందని ఒప్పుకోవడం నాకు ఇష్టం లేకపోయింది. మున్నీబీ మాత్రం దుపట్టా నోటికి అడ్డం పెట్టుకుని, “బాగుండాదే అక్కా,” అనేసింది.

ముసలాయన సంచిలోకి గాలి ఊదే గొట్టం నోట్లోంచి తీసి, సంచితో సహా అర్షద్ చంకలో పెట్టాడు. వాడు ఆ గొట్టాన్ని అట్లాగే నోట్లో పెట్టుకున్నాడు. తుడుచుకోలేదు.

నేను చూసిందల్లా అదే. మా ఇంట్లో నేర్పడం ఎట్లా మొదలవుతుందో చెప్తాను. తండ్రి సన్నాయి కొసన ఊదే పీకను తన నోట్లో తడిపి, తీసి, కొడుకు నోట్లో పెడతాడు. మా మామ మా ఆయనకు అట్లాగే పెట్టాడు. మా ఆయన అర్షద్‌కు పెట్టినప్పుడు వాడు బడికి పోయే పిల్లోడు. పీక తీసుకుని, చొక్కాకు తుడిచి, అప్పుడు నోట్లో పెట్టుకున్నాడు. మా ఆయన కొన్నాళ్ళు నేర్పాడు. తర్వాత వాడు పరీక్షలన్నాడు. పరీక్షలు అయిపోయినా మళ్ళీ సన్నాయి దగ్గరికి రాలేదు. కన్నతండ్రి ఎంగిలికి రోత. ఎవరో కొండమనిషి ఎంగిలికి రోత లేదు.

ముసలాయన మా దగ్గరికి వచ్చి గుండె మీద చెయ్యి పెట్టుకుని తల వంచాడు. “మదర్. గుడ్ సన్,” అన్నాడు.

నా కొడుకు మంచివాడని నాకు ఒకరు చెప్పాలా?

చలి మొదలైంది. ఇక్కడి పోలండు వాళ్ళంతా డిసెంబరులో ఒకచోట కలుస్తారట. ముసలాయన పక్కన నిలబడి అర్షద్ కూడా వాయించాలట. వాయించేవాళ్ళు కొండ బట్టలు వేసుకోవాలట. ముసలాయన తన ప్యాంటే పంపాడు, నడుము దగ్గర బిగించడానికి. అర్షద్ దాన్ని నా మిషను మీద పెట్టి, ఏమనాలో తెలియక ఏసీ రిమోటు వెతుక్కున్నాడు.

తెల్లటి మందపు ఉన్ని. తొడల మీద నీలం, ఎరుపు దారాలతో గుండె ఆకారంలో పెద్ద కుట్టుపని. ఎవరో ఆడమనిషి కళ్ళు పోగొట్టుకుని కుట్టి ఉంటుంది. దాని మీద కత్తెర పెట్టకుండా, వెనక కుట్టు మాత్రమే విప్పాను.

మున్నీబీ వచ్చి చూసింది. “రెండు కుట్లు తక్కువెయ్ అక్కా. జనం ముందర ఊడి పడుద్ది. మళ్ళీ ఆ దిక్కు పోతే అడుగు.”

నాకూ ఆ ఆలోచన రాలేదని అనను. కానీ ఊడి పడితే నవ్వేది ఎవరిని చూసి? నా కొడుకును చూసి. ఎవరన్నా ఫోనులో వీడియో తీసి ఊరికంతా పంపితే? కంపెనీ మేనేజరు, ఆ ముదీర్ దాకా పోతే? అందుకని ఒకటికి రెండుసార్లు కుట్టాను. ఆ ప్యాంటు వాడికి అచ్చు కొలత పెట్టి కుట్టించినట్టు సరిపోయింది. వాడు అద్దం ముందు అటూ ఇటూ తిరిగాడు. నా కడుపున పుట్టినవాడే, కానీ ఆ నడుము కింద ఇంకెవరి ఇంటి పిల్లోడో ఉన్నాడు. కుట్టింది నేను.

మా ఆయన డ్యూటీ నుంచి వచ్చి గుమ్మంలో నిలబడి చూశాడు.

“వదులు లేదా?” అన్నాడు నాతో.

“లేదు.”

“ఊఁ,” అని బాల్కనీలోకి పోయాడు. అర్షద్ తను వాయించిన పాటలు ఫోనులో పెట్టుకుని వింటుంటే ఆయన ఎప్పుడూ టీవీ సౌండు పెంచేవాడు. ఆ రోజు టీవీ కూడా పెట్టలేదు.

నాలుగు రోజులకు ముసలాయన మా ఇంటికే వచ్చాడు. కూతురు కింద దించి వెళ్ళింది. చంకలో సంచి, ఇంకో చేతిలో కాగితంలో చుట్టిన పొగ జున్ను. దాంట్లో ఏం కలుపుతారోనని నేను అర్షద్ చెవిలో అడిగాను. గొర్రెపాలు మా, అన్నాడు వాడు పళ్ళ బిగువున. పాలు లేకుండా సులేమానీ టీ పెట్టి ఇచ్చాను. మా ఆయన యూనిఫాం చొక్కాతోనే మంచం మీద కూర్చుని ఉన్నాడు. కుర్చీ ఇచ్చినా ముసలాయన కూర్చోలేదు. టోపీ తీసి చేతిలో పట్టుకుని, మా ఆయన ముఖం చూస్తూ, ముక్కలు ముక్కలుగా ఇంగ్లీషులో చెప్పాడు. అర్షద్ గోడ చూస్తూ తెలుగు చేశాడు.

“కూతురికి ఇక్కడి పని ఖలాస్ అయిపోయిందంట. జనవరిలో వాళ్ళ దేశం పోతాండారంట. ఈ సంచి వాళ్ళ నాయనది. ఇంటి కొడుక్కు పోవాల్సింది. కొడుకు వద్దన్నాడంట. ఆయన ఊపిరి కూడా అయిపోవచ్చిందంట.” వాడు సంచి వైపు చూశాడు. “నాకు ఇస్తానంటాండాడు. కానీ తీసుకునేవాడికి తండ్రి ఉంటే, ఆ తండ్రి సరేననకుండా ఇచ్చే అలవాటు వాళ్ళింట్లో లేదంట. అందుకని నిన్ను అడగడానికి వచ్చినాడు.”

ముసలాయనకు తెలుగు రాదన్న ధైర్యంతో నేను మొదలుపెట్టాను. “వద్దని చెప్పయ్యా. మనకెందుకు పరాయోళ్ళ సొమ్ము? రేపు ఆ లారీ కొడుకు వచ్చి నాది అంటే? ఊరికి పోయేటప్పుడు ఎయిర్‌పోర్టులో చచ్చిన జంతువు తోలని పట్టుకుంటే? పోలీసులు మనల్ని...”

“ఉండు,” అన్నాడు మా ఆయన.

ఉన్నాను. ఆయన ఆ మేకతలను చూశాడు, దాని కింది గొట్టం మీది రంధ్రాలను చూశాడు. వేళ్ళు మోకాలి మీద ఒకసారి కదిలి ఆగాయి.

“ఆయప్పను ఒకటి అడుగు,” అన్నాడు అర్షద్‌తో. “సొంత కొడుకు వద్దన్నప్పుడు ఎట్ల ఓర్చుకున్నాడో అడుగు.”

అర్షద్ అడగలేదు. ముసలాయన వీడి ముఖం చూశాడు, మా ఆయన ముఖం చూశాడు, టోపీని చేతుల్లో తిప్పాడు.

“అడుగు రా.”

“నేను వద్దనలే నాయనా.”

మా ఆయన తల తిప్పి వాణ్ణి చూశాడు.

“నాకు దమ్ము నిలవలే. ముక్కుతో పీల్చు, బుగ్గల్లో గాలి వదులు, పాట తెగకూడదు అంటివి. నాకు ప్రతిసారీ తెగిపోతాండె. మిద్దెక్కి ఒక్కణ్ణే కూర్చుని చూసుకుంటి. ఎన్ని రోజులు చూసినా రాలే. మీరా హుస్సేన్ మనవడికి దమ్ము రాదని ఊళ్ళో అంటే నీకు తలవంపు. అందుకే పరీక్షలని చెప్పినా.” వాడు సంచి మీద చెయ్యి పెట్టాడు. “ఇది నా బదులు పట్టుకుంటాది. నేను గాలి పీల్చుకునేదాకా ఇది పలుకుతానే ఉంటాది. ఆ రోజు నిచ్చెన మీద నిలబడిపోయింది అందుకే.”

నాకు ఏడుపు రావాల్సింది. వచ్చింది వేరే అనుమానం.

“ఈ మాట ఆయనకు ముందే చెప్పినావా?” అన్నాను.

“చెప్పినా మా.”

మళ్ళీ మండింది. ఇన్నేళ్ళూ మాకు చెప్పని మాట, వచ్చీరాని ఇంగ్లీషులో ఆ కొండమనిషికి చెప్పాడు. ఆయన విని, ఆ మాటను దాచుకుని, టోపీ చేత పట్టుకుని మా ఇంటికొచ్చాడు. ఆయన ముఖంలోకి చూడలేక టీ కప్పులు తీశాను.

మా ఆయన గుండెల్లో గురక నాకు వంటింట్లోకి వినిపిస్తోంది. బీపీ పెరిగిందేమో, ఇట్లా కూర్చునే పక్కకు ఒరిగిపోతాడేమో, అంబులెన్సుకు ఏ నెంబరో అర్షద్‌కు తెలుసు కదా, వాడు ఇక్కడే ఉన్నాడు కదా, అనుకుంటూ కుళాయి కట్టేశాను. కిందెక్కడో పిల్లలు సైకిలు బెల్లు కొడుతున్నారు. ముసలాయన నిలబడే ఉన్నాడు, ఆ వయసులో కాళ్ళు నొప్పి పుట్టవా. నేను వంటింట్లోంచి వచ్చి కుర్చీ ఇంకాస్త ముందుకు జరిపాను. ఆయన కూర్చోలేదు. అర్షద్ తల వంచుకునే ఉన్నాడు. వద్దంటే వాడు ఇల్లు వదిలిపోతాడేమోనని ఒక భయం, సరేనంటే ఇక మావాడు కాడేమోనని ఇంకో భయం. రెంటిలో ఏది పెద్దదో నాకు తెలియలేదు.

మా ఆయన జున్ను పొట్లం విప్పాడు. ఒక ముక్క తుంచి ముసలాయన చేతిలో పెట్టాడు. ఇంకో ముక్క తను తిన్నాడు. మెల్లగా నమిలి, మింగి, నీళ్ళు తాగాడు.

“తీసుకో,” అన్నాడు అర్షద్‌తో. “కానీ ఇంక మైదానంలో కాదు. సెలవు దినం ఇంట్లోనే వాయించు. యాడ తప్పుతాండావో నేనూ వినాల.”